షెవర్లే మాంటే కార్లో (1970–88): తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పాత కార్ల పిచ్చి ఉన్న మనవాళ్ళు తక్కువేం లేరు. మాంటే కార్లో పేరెత్తితే చాలు, అవే అనుమానాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి, ఒకరికి చెప్పి ఫోన్ పెట్టేసేలోపు ఇంకొకరు అదే అడుగుతారు, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఇండియా నుంచి గూగుల్ చేస్తే మాత్రం లూధియానా స్వెటర్లే ముందొస్తాయి, పేరు ముందు షెవర్లే అని కొట్టడం మర్చిపోకండి. ఇంకో మాట, ఇక్కడ చెప్పే సంవత్సరాలు చాలావరకు మోడల్ ఇయర్లు. అమెరికాలో 1970 మోడల్ అంటే 1969 సెప్టెంబర్‌లోనే షోరూముకి వచ్చేసి ఉంటుంది.

## కారు ఎలా పుట్టింది

"పర్సనల్ లగ్జరీ కారు" అంటే ఏంటండీ? స్పోర్ట్స్ కారా, లగ్జరీ కారా?

రెండూ కాదు. రెండు తలుపులు, బాగా పొడవైన బానెట్, పొట్టి డిక్కీ, మెత్తటి సస్పెన్షన్, వీలైతే పైన వినైల్ రూఫ్ (తోలులా కనిపించే కవరు), లోపల చెక్కలా కనిపించే డ్యాష్‌బోర్డ్. ముందు కూర్చున్న ఇద్దరూ మహారాజులు, వెనక సీటు ఏదో పిల్లలకి. 1958లో ఫోర్డ్ థండర్‌బర్డ్‌కి నాలుగు సీట్లు పెట్టడంతో ఈ తరహా మొదలైంది, తర్వాత 1963లో బ్యూక్ రివియేరా, 1967లో కొత్త కాడిలాక్ ఎల్డొరాడో వచ్చాయి. అవన్నీ డబ్బున్నోళ్ళ కార్లు. ఆ దర్జానే మామూలు ఉద్యోగి కొనగలిగే ధరకి తెచ్చింది మాంటే కార్లో, 1970లో బేస్ ధర 3,123 డాలర్లు. వేగంగా వెళ్ళడం కోసం కాదు, వెళ్తుంటే నలుగురూ చూడటం కోసం కొన్న కారు. ఇందులో తప్పేముందో నాకైతే అర్థం కాదు.

పాంటియాక్ గ్రాండ్ ప్రీని చూసి కాపీ కొట్టారంటారు, నిజమేనా?

కాపీ అనడం కొంచెం ఎక్కువ, ఒకే ఇంటి సరుకు అనొచ్చు. 1968లో 31 వేల చిల్లర అమ్ముడైన గ్రాండ్ ప్రీని పాంటియాక్ 1969కి మధ్య సైజు ఛాసిస్ మీద కొత్తగా కట్టింది, దెబ్బకి అమ్మకాలు లక్షా 12 వేలు దాటాయి. అది పాత ఛాసిస్‌నే కాస్త సాగదీసి వాడుకున్న కారు కాబట్టి ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. పాంటియాక్, షెవర్లే రెండింటి యజమాని జనరల్ మోటార్స్ (జీఎం)లో ఇది చూసి ఊరుకునేదెవరు? షెవర్లే పెద్ద ఎలియట్ ఎస్టెస్, డిజైనర్ డేవ్ హోల్స్ కలిసి తమ వెర్షన్‌కి రూపం ఇచ్చారు. తమాషా ఏంటంటే, కారు షోరూముకి వచ్చేసరికి షెవర్లే కుర్చీలో ఉన్నది జాన్ డెలోరియన్, అంటే పాంటియాక్‌లో ఆ గ్రాండ్ ప్రీని తెచ్చిన మనిషే.

ఇది షెవెల్‌కే కోటు తొడిగిన కారా?

చాలావరకు అంతే, షెవెల్ అంటే షెవర్లే మధ్య సైజు కారు. ముందు అద్దం, వెనక అద్దం, డిక్కీ మూత షెవెల్ కూప్‌వే. కానీ కూప్ వీల్‌బేస్ (ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకి దూరం) 112 అంగుళాలైతే దీనికి 116, పెరిగిన పొడవంతా బానెట్ వైపే పడింది. అప్పటిదాకా షెవర్లే కార్లలో ఇంత పొడవైన బానెట్ లేదు, ఆరడుగులు! డ్రైవర్ సీట్లోంచి చూస్తే ముందు చివర ఎక్కడుందో కొత్తవాళ్ళకి తెలీదు, పార్కింగ్‌లో చెమటలు పడతాయి. కాడిలాక్‌లా కనపడాలని చేసిన పని అది, నూటికి తొంభైమంది కొన్నదీ దానికే.

## మొదటి తరం: 1970–72

70, 71, 72 దూరం నుంచి చూసి ఎలా గుర్తుపట్టాలి?

ముందు పార్కింగ్ లైట్లు గుండ్రంగా ఉంటే 1970, నలుచదరంగా ఉంటే 1971. అడ్డంగా పరుచుకున్న గళ్ళ గ్రిల్, చూడగానే కాడిలాక్ గుర్తొచ్చే మొహం అయితే 1972. పాత కారు కదా, యాభై ఏళ్ళలో ఎవరో ఒకరు గ్రిల్ మార్చేసి ఉంటారు, కాబట్టి మొహం ఒక్కటే చూసి పందెం కాయకండి.

ఎస్ఎస్ 454కి అంత పేరెందుకు? ఎన్ని చేశారు?

1970లో 3,823, 1971లో 1,919. అంతే. ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, సుమారు 420 డాలర్ల ప్యాకేజీ. 454 క్యూబిక్ అంగుళాల, అంటే 7.4 లీటర్ల బిగ్ బ్లాక్ (షెవర్లే పెద్ద ఇంజిన్ కుటుంబం) వీ8, 1970లో 360 హార్స్‌పవర్, మరుసటేడు 365. బరువెక్కినప్పుడు వెనక భాగం కుంగకుండా గాలితో తనంతట తానే సరిచేసుకునే లెవెల్ కంట్రోల్ కూడా ఉండేది. నాకు నచ్చేది దాని మర్యాద. షెవెల్ ఎస్ఎస్ బానెట్ మీద వెడల్పాటి చారలతో తిరిగితే, దీనికి తలుపు కింద అంచున చిన్న 'ఎస్ఎస్ 454' అక్షరాలు, అది కూడా వంగి చూస్తేగానీ కనపడదు. కొనేవాళ్ళు తక్కువైనదీ అందుకే కావచ్చు: వేగం కావాల్సినవాడు షెవెల్ కొన్నాడు, దర్జా కావాల్సినవాడికి 350 ఇంజినే ఎక్కువ.

1970 కారుకి "400 ఇంజిన్" అని రాసి ఉంది. స్మాల్ బ్లాకా, బిగ్ బ్లాకా?

ఈ గందరగోళం షెవర్లే చేతులారా చేసింది. 'టర్బో-ఫైర్ 400' అంటే రెండు బ్యారెళ్ళ కార్బొరేటర్‌తో 265 హార్స్‌పవర్ ఇచ్చే స్మాల్ బ్లాక్, అంటే చిన్న ఇంజిన్ కుటుంబం. 'టర్బో-జెట్ 400' అంటే నాలుగు బ్యారెళ్ళు, 330 హార్స్‌పవర్, బిగ్ బ్లాక్, దాని అసలు కొలత 402 క్యూబిక్ అంగుళాలు. రెండింట్లోనూ టర్బో మాత్రం లేదు, అది ఉత్త పేరు. ప్రకటనలో "400" అని మాత్రమే రాసి బిగ్ బ్లాక్ ధర చెప్తుంటే బానెట్ ఎత్తించకుండా బేరం మొదలెట్టకండి.

71లో 365 ఉన్న 454, 72కి 270 హార్స్‌పవర్ అయిపోయిందేంటి? ఇంజిన్ మార్చేశారా?

మార్చలేదు, కొలిచే పద్ధతి మారింది. అంతకుముందు ఇంజిన్‌ని ఒంటరిగా బల్ల మీద పెట్టి, ఫ్యాన్, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచేవాళ్ళు, అది గ్రాస్. 1972 నుంచి కార్లో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలిచిన నెట్ అంకెలే ఇచ్చారు. నిజమైన తగ్గుదల అంతకు ఏడాది ముందే, తక్కువ ఆక్టేన్ పెట్రోల్‌కి సరిపడేలా 1971లో కంప్రెషన్ తగ్గించినప్పుడు మొదలైంది.

ఈ బరువు కారు రేసులు ఆడిందా?

ఆడింది, గెలిచింది కూడా. జీఎం 1963లో రేసుల నుంచి అధికారికంగా తప్పుకున్నాక నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ల రేసు పోటీలు)లో షెవర్లే అభిమానులకి చూసుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. 1971లో షార్లట్ ట్రాక్ నడిపే రిచర్డ్ హోవర్డ్ డబ్బు పెడితే జూనియర్ జాన్సన్ ఒక మాంటే కార్లో కట్టాడు, చార్లీ గ్లాట్జ్‌బాక్ ఆ జులైలోనే బ్రిస్టల్‌లో దాన్ని గెలిపించాడు. షెవెల్‌ని కాదని దీన్ని ఎంచుకున్నారంటే, ఆ పొడవాటి మొహం ట్రాక్ మీద కూడా పనికొచ్చిందన్నమాట.

## రెండో తరం: 1973–77

ఈ బాడీ అసలు 1972లోనే రావాలి కదా?

అవును. 1970 సెప్టెంబర్‌లో జీఎం కార్మికులు 67 రోజుల సమ్మె చేశారు. దాంతో మధ్య సైజు కార్ల కొత్త బాడీలన్నీ ఏడాది వెనక్కి జరిగాయి. 1972 మాంటే కార్లో ఆ విధంగా బోనస్‌గా దొరికిన కారు.

ఈ 1973 బాడీని "కొలొనేడ్" అంటారు, అంటే?

మధ్యలో స్తంభం ఉన్న బాడీ. అప్పటిదాకా అద్దాలన్నీ దించితే పక్కంతా ఖాళీగా కనపడే హార్డ్‌టాప్‌లు నడిచాయి. కారు బోల్తాపడితే పైకప్పు నిలబడాలనే రూల్స్ రాబోతున్నాయని జీఎం ముందే స్తంభం పెట్టేసింది, అందం పోకుండా తలుపు అద్దాలకి మాత్రం ఫ్రేమ్ లేకుండా ఉంచింది. స్తంభం వెనక కదలని చిన్న ఒపేరా కిటికీ. పాత హార్డ్‌టాప్ ప్రేమికులు ఇప్పటికీ దీన్ని క్షమించలేదు.

తిరిగే సీట్లు నిజంగానే తిరుగుతాయా?

తిరుగుతాయి, ఆప్షన్ తీసుకుని ఉంటే. తలుపు తీసి, సీటు పక్కనున్న లివర్ లాగితే బకెట్ సీటు మొత్తం 90 డిగ్రీలు బయటికి, మీ వైపుకి తిరుగుతుంది. కాళ్ళు నేల మీదే ఉంచి కూర్చుని, కాళ్ళు లోపలికి తీసుకుంటూ సీటుతో పాటు ముందుకి తిరగడం, టక్కుమని లాక్ పడటం. తలుపు ఎంత పొడవంటే అంత చోటూ ఉంటుంది. చీర కట్టుకున్నవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇప్పటి కార్లలో కూడా చూడలేదు. కొనేటప్పుడు మాత్రం లాక్ పడ్డాక సీటుని గట్టిగా ఊపి చూడండి, లాక్ అరిగితే బ్రేక్ కొట్టినప్పుడు సీటు కదులుతుంది, అది ప్రమాదం.

1973 నడపడానికి బాగుంటుందని అందరూ అంటారు, ఎందుకు?

బాగుంటుంది. డెలోరియన్ హయాంలో ఇంజినీర్లు యూరప్ కార్ల హ్యాండ్లింగ్‌ని, ముఖ్యంగా మెర్సిడెస్‌ని దృష్టిలో పెట్టుకుని పనిచేశారు. మాంటే కార్లో ఎస్, ఖరీదైన లాండావ్ రకాలకి రేడియల్ టైర్లు, వాటికి తగ్గట్టు సరిచేసిన సస్పెన్షన్ వచ్చాయి. అప్పట్లో చాలా అమెరికన్ కార్లు మలుపు తిరిగితే పడవలా ఒరిగేవి, ఇది మాత్రం నిలబడేది. మోటార్ ట్రెండ్ పత్రిక 1973కి కార్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చింది కూడా దీనికే. బయట ఉబ్బిన ఫెండర్లు, ఆ ఒంపులు చూసి లోపల మామూలు మెత్తటి కారే అనుకుంటారు, నడిపాక అభిప్రాయం మార్చుకుంటారు.

1973 చివర్లో పెట్రోల్ సంక్షోభం వచ్చింది కదా, అయినా ఎలా అమ్ముడైంది?

ఇది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. బంకుల ముందు బారులు తీరిన 1974లోనే ఇది 3 లక్షల 12 వేలు దాటింది. 1977లో 4,11,038, అదే రికార్డు. ఒక కారణం, పెద్ద కార్లు వదులుకున్నవాళ్ళు ఎకాఎకిన చిన్న కారుకి దిగిపోలేదు, ఇంపాలా, కాప్రీస్ నుంచి ఒక మెట్టు దిగి ఇక్కడ ఆగారు, మెట్టు దిగినట్టు పక్కింటోళ్ళకి కనపడకుండా. రెండోది ఇన్సూరెన్స్. మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ పెట్టిన వేగం కార్లు) మీద కంపెనీలు ప్రీమియం వాయించడంతో కుర్రాళ్ళకి కూడా ఎస్ఎస్ బ్యాడ్జి మీద మోజు తగ్గింది, వేగం లేకపోయినా దర్జా మిగిలితే చాలనుకున్నారు. మూడోది ధర. థండర్‌బర్డ్ పక్కన పెట్టి చూస్తే ఇది చాలా చవక. ఎమిషన్ నిబంధనలతో ఏ కారుకైనా ఇంజిన్ నీరసపడ్డ రోజుల్లో, ఇంజిన్ మీద గొప్పలు చెప్పుకోని కారుకి పోయేదేమీ లేదు. డెబ్భైల అమెరికాని అర్థం చేసుకోవాలంటే ఈ అమ్మకాల అంకెలు చూస్తే చాలంటాను.

454 ఏ సంవత్సరంతో ఆగింది?

1975. అప్పటికే నీరసించింది: నెట్ లెక్కలో 1973లో 245, 1974లో 235, 1975లో 215 హార్స్‌పవర్. 1976లో 5 లీటర్ల 305 వచ్చింది, 140 హార్స్‌పవర్. ఆ బరువుకి అది ఎంతలా లాగుతుందో మీరే ఊహించుకోండి.

ఒకదాని మీద ఒకటి ఉన్న హెడ్‌లైట్లు ఏ ఇయర్ నుంచి?

1976, 1977. నలుచదరపు లైట్లు, పక్కకి రెండేసి, నిలువుగా. అంతకుముందు 1973–75లో ఒక్కో పక్క ఒక్కో గుండ్రటి లైటు. నా ఓటు గుండ్రటి లైట్లకే.

77లో ఇంపాలా కంటే ఇదే పొడవంట కదా?

దాదాపు ఒక అంగుళం తేడాతో, అవును. 1977లో జీఎం తన పెద్ద కార్లని కుదించింది, మధ్య సైజు కార్ల వంతు ఇంకా రాలేదు. దాంతో "మధ్య సైజు" మాంటే కార్లో సుమారు 213 అంగుళాలు, "పెద్ద సైజు" ఇంపాలా 212. తమ్ముడు అన్నని మించిపోయిన ఆ ఏడాదే ఇది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది.

## కుదించాక: 1978 నుంచి

1978లో ఏం జరిగింది?

వీల్‌బేస్ 108 అంగుళాలకి, పొడవు 200 అంగుళాల చిల్లరకి దిగింది, బరువు దాదాపు 350 కిలోలు తగ్గింది. లోపల చోటు మాత్రం తగ్గలేదు. పాత ఒంపులన్నీ ఈ పొట్టి ఒంటి మీద అలాగే పెట్టారు, కొంచెం ఇరుకైన కోటు వేసుకున్నట్టు కనిపిస్తుందనే విమర్శ అప్పుడూ ఉంది, నేనూ ఒప్పుకుంటాను. 1981లో మొహం వాల్చి, పక్కలు చదును చేశాక కుదురుకుంది. కార్లని నేలకి ఆనేలా కిందికి దించి తిప్పే లోరైడర్ వాళ్ళకి మాత్రం ఈ తరమే ప్రాణం, లాస్ ఏంజిలెస్‌లో ఏ లోరైడర్ షోకి వెళ్ళినా హైడ్రాలిక్స్ మీద ఎగిరే ఈ కార్లు కనపడతాయి.

నా 78 కారులో బ్యూక్ ఇంజిన్ ఉందంటున్నాడు మెకానిక్, మోసపోయానా?

లేదు, కంపెనీనే అలా ఇచ్చింది. 1978లో బేస్ ఇంజిన్ బ్యూక్ తయారుచేసిన 231 వీ6. 1980లో దానికే టర్బో తగిలించి 170 హార్స్‌పవర్‌తో కూడా అమ్మారు, దొరకడం అరుదు.

ఎనభైల ఎస్ఎస్, ఏరోకూప్ ఏంటి తేడా?

1983 మధ్యలో ఎస్ఎస్ బ్యాడ్జి తిరిగొచ్చింది, గాలికి అనువైన కొత్త ముక్కుతో, 305 హై ఔట్‌పుట్ ఇంజిన్‌తో, మొదట 175 హార్స్‌పవర్. అదంతా నాస్కార్ పుణ్యమే. 1985లో బిల్ ఎలియట్ నున్నటి థండర్‌బర్డ్‌తో పెద్ద ట్రాకులన్నీ దున్నేశాడు, మాంటే కార్లో నిటారు వెనక అద్దం గాలిలో బరువైపోయింది. రేసులో వాడే ఆకారం షోరూములో కూడా అమ్మాలని రూలు కాబట్టి, వెనక అద్దాన్ని ఏటవాలుగా సాగదీసి ఏరోకూప్ అన్నారు. 1986లో 200, 1987లో 6,052. అద్దం పెద్దదై డిక్కీ మూత ఎంత పొట్టిదైందంటే, మామూలు సూట్‌కేస్ పెట్టాలంటే దాన్ని వంచి, తిప్పి తోయాలి. డేల్ ఎర్న్‌హార్డ్ 1986, 1987 ఛాంపియన్‌షిప్‌లు మాంటే కార్లో ఎస్ఎస్‌తోనే కొట్టాడు.

1995 తర్వాత వచ్చినవి కూడా మాంటే కార్లోలేనా?

పేరు అదే. వెనక చక్రాలు తోసే పాత కారు 1988 మోడల్‌తో ఆగింది, 1995లో పేరు తిరిగొచ్చేసరికి ముందు చక్రాలు లాగే లూమినా కూప్ అయింది. 2007లో అదీ ఆగింది. రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి ఆ కొత్తవి నయం, ఇక్కడ మాట్లాడుకుంటున్న కారుతో వాటికి చుట్టరికం లేదు.

## కొనేముందు

ఎస్ఎస్ 454 అని అమ్ముతున్నాడు, వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) చూసి తేల్చుకోవచ్చా?

తేలదు. 1970 మాంటే కార్లోలన్నిటి నంబరూ 13857తోనే మొదలవుతుంది, అందులో ఎస్ఎస్ గుర్తూ ఉండదు, ఇంజిన్ గుర్తూ ఉండదు. ఇంజిన్ అక్షరం వీఐఎన్‌లో చేరింది 1972 నుంచి, అప్పటికి ఎస్ఎస్ లేదు. కాబట్టి ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ (ఆ కారుకి ఏమేం బిగించాలో రాసిన కాగితం) కానీ, మొదటి యజమాని కాగితాలు కానీ అడగండి. వెనక లెవెల్ కంట్రోల్ తాలూకు కంప్రెసర్, గాలి గొట్టాలు, కనీసం వాటిని బిగించిన ఆనవాళ్ళు ఉన్నాయేమో చూడండి. బ్యాడ్జీలు ఎక్కడైనా దొరుకుతాయి.

తుప్పు ఎక్కడ చూడాలి?

ముందు వినైల్ రూఫ్. వెనక అద్దం కింది మూలల దగ్గర వినైల్ మీద బొటనవేలు పెట్టి నొక్కండి. గట్టిగా ఉండాలి. కరకరమని చప్పుడొచ్చినా, బొబ్బలా లేచి ఉన్నా కింద రేకు తినేసినట్టే, వినైల్ కింద చేరిన నీళ్ళు బయటికి పోవు. ఆ నీళ్ళే డిక్కీలోకి దిగుతాయి, కాబట్టి మ్యాట్ ఎత్తి, స్టెప్నీ తీసి నేల చూడండి. వెనక చక్రాల వెనక కింది భాగం, ఛాసిస్ వెనక కొస కూడా. కొత్త పెయింట్ మెరుస్తుంటే అయస్కాంతం పట్టుకెళ్ళండి, పుట్టీ ఉన్నచోట అంటుకోదు.

తలుపు వేసేటప్పుడు పైకెత్తి వేయాల్సొస్తోంది, పెద్ద ఖర్చా?

చాలావరకు కాదు. డెబ్భైల కూప్ తలుపులు పొడవు, బరువు, ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళలోని పిన్నులు, బుషింగులు అరుగుతాయి. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి, లటలట ఆడితే పిన్నులే. అవి చవక, ఒక్కరివల్ల అయ్యే పని మాత్రం కాదు, తలుపు మోయడానికి రెండో మనిషి కావాలి.

పార్టులు దొరుకుతాయా?

ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, సస్పెన్షన్‌కి దిగులే లేదు, షెవర్లే వీ8 సామాన్లు అమెరికాలో ఏ మూలనైనా ఉంటాయి. తిప్పలన్నీ దీనికే సొంతమైన వాటితో: గ్రిల్, ఫెండర్లు, క్రోమ్ ట్రిమ్, లోపలి ప్లాస్టిక్. అందుకే ఇంజిన్ ఆగిపోయినా ట్రిమ్ మొత్తం ఉన్న కారే మంచి బేరం, ఇంజిన్ గర్జిస్తూ గ్రిల్ లేని కారు కాదు.

గరాజ్‌లో పడుతుందా?

1970 కారు సుమారు 206 అంగుళాలు, 1977ది 213, అంటే దాదాపు 18 అడుగులు. లోతు 20 అడుగులున్న మామూలు గరాజ్‌లో పడుతుంది, ముందు మనిషి నడిచే చోటుండదు. పక్కన ఇంకో కారు పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు.

ఇండియాలో ఎప్పుడైనా అమ్మారా?

లేదు. జీఎం 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించింది కానీ యాభైల మధ్యలోనే మూసుకుని వెళ్ళిపోయింది, మాంటే కార్లో పుట్టేనాటికి మన రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్ రాజ్యం. అంబాసిడర్ కంటే ఇది సుమారు మూడడుగులు పొడవు ఎక్కువ.

బే ఏరియాలో ఉంటాను. స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) టెన్షన్ లేకుండా ఏ ఇయర్ కొనమంటారు?

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకి స్మాగ్ టెస్ట్ లేదు, 1976 నుంచి వచ్చినవాటికి రెండేళ్ళకోసారి ఉంటుంది. 140 హార్స్‌పవర్‌తో ఈడ్చుకొచ్చే 1976 కారుకి టెస్ట్ పాస్ చేయించడం అంటే కావాలని తలనొప్పి కొనుక్కోవడమే. చూడటానికైతే 1970, నడపడానికైతే 1973. రెండూ ధర కుదరకపోతే 1974, 75 లాండావ్‌ల మీద కన్నేయండి, వాటిని ఇంకా ఎవరూ పెద్దగా పట్టించుకోవట్లేదు. 1975లో అయితే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, టెస్ట్ లేదు కదా అని దాన్ని పీకేయకండి, అది చట్టవిరుద్ధం.